పేరు చెప్పని మిత్రుడి పడమటి చేను

హలో… ఆ, నేనే, ఆర్విడ్‌నే. మా ఆవిడ గుడ్రున్ ఇంట్లో లేదు, చర్చిలో ఆడవాళ్లతో లెఫ్సే రొట్టెలు కాల్చడానికి పోయింది… ఎవరూ? సెల్మరా! అబ్బో, ప్రొఫెసరు గారే! అన్న గుర్తొచ్చాడే!

… ఆ, అందింది. మొన్న పోస్టులో వచ్చింది. 'సారెప్తా కాలేజీ: నూరేళ్ల చరిత్ర'. అట్ట బాగుంది. … లోపలా? లోపల అబద్ధాలున్నాయి.

… అరవడం లేదు. నా గొంతే అంత. నలభై ఏళ్లు ఆవుల్ని కేకేసిన గొంతు. పిల్లలకి పాఠాలు చెప్పుకున్న గొంతులా మెత్తగా ఎక్కణ్నుంచి వస్తుంది?

ఒరేయ్ సెల్మర్, ఒక్క మాట చెప్తాను విను. సొంత తమ్ముడివై ఉండి నువ్వే నాకు ద్రోహం చేశావ్. ఇంకెవడైనా రాసుంటే ఉమ్మేసి ఊరుకునేవాణ్ని.

… ఎక్కడా? ఏం రాశావో నీకే తెలీదా? అరవై ఒకటో పేజీ. ఉండు, కళ్లజోడు… ఆ. 'కాలేజీ హాలుకు పడమటనున్న మైదానం 1952లో పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక మిత్రుడు ఇచ్చినది.' ఇచ్చినదట! ఎవడ్రా ఇచ్చింది?

… నాన్నే, నాకు తెలీదా ఆ మిత్రుడు నాన్నేనని? కానీ నాన్న ఇవ్వలేదు. వాడుకోమన్నాడు. ఇవ్వడం వేరు, వాడుకోమనడం వేరు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నాకు తెలిసిన తేడా, నీకు తెలీదా?

— మధ్యలో రాకు. ఇన్నాళ్లూ నువ్వు మాట్లాడావు, నేను విన్నాను. క్రిస్మస్‌కి నువ్వే, ఈస్టర్‌కి నువ్వే. ఇవాళ నా వంతు.

అసలు మొదటి పేజీ నుంచీ అంతే. 'పాస్టర్ లోకెన్ గారు 1888లో తొమ్మిదిమంది పిల్లలతో కాలేజీ స్థాపించిరి.' ఎక్కడ స్థాపించిరి? మన ముత్తాత ధాన్యపు కొట్లో! గోధుమ బస్తాలు బయట వానలో పెట్టి, లోపల పిల్లల్ని కూర్చోబెట్టాడు ముత్తాత. ఆ ముక్క ఏదీ?

… ఆధారం లేదా? బస్తాలు తడిసిపోతే ఆ చలికాలమంతా ముత్తవ్వ తిట్టిన తిట్లే ఆధారం. ఇంటింటా చెప్పుకుంటారు.

సరే, పందొమ్మిది వందల పదకొండులో కాలిపోయింది కదా కాలేజీ. మళ్లీ కట్టారు. 'పాస్టరు గారు తిరిగి నిర్మించిరి.' ఇటుకలు ఆయన మోశాడా? మంచులో బండ్లు జారుతుంటే స్టేషను నుంచి ఇటుకలు లాక్కొచ్చింది మన తాతలూ, వాళ్ల గుర్రాలూ. గుర్రాల పేర్లు కూడా నాకు చెప్పగలిగినవాళ్లు మొన్నటిదాకా బతికున్నారు. నువ్వు వచ్చి అడిగావా? లైబ్రరీలో కూర్చుని కాఫీ తాగుతూ రాశావు.

… ఆ ఒక్కటి మాత్రం బాగా రాశావులే. దేవుడు మనుషుల్ని ముందే ఎంచుకున్నాడా లేదా అని కొట్టుకుని, రోడ్డుకి అటొక చర్చి, ఇటొక చర్చి కట్టుకున్నారే, అది చదివి నవ్వాను. మనవాళ్లే కదా… నవ్వాను, అంత మాత్రానికే సంబరపడకు.

ఇక వెనకాల, 'మన కాలేజీ రత్నాలు'! పన్నెండు మంది. మడగాస్కర్ పోయి జ్వరంతో చచ్చిన మిషనరీ… పాపం, ఆయన సరే. బిషప్పు సరే. పాటల గుంపుని మనవాళ్లు వలసొచ్చిన నార్వే దాకా తీసుకెళ్లి రాజు ముందు పాడించినాయన, సరే. పందుల మేత తొట్టి కనిపెట్టినాయన… వాడు నిజంగా పనికొచ్చేవాడు, వాడి తొట్టి నా దగ్గరుంది. పన్నెండోవాడు ఎవరయ్యా అని తిప్పితే… నువ్వు! ఫొటోతో సహా! పుస్తకం రాసినవాడే తనకు తాను రత్నమైపోయాడు.

… కమిటీ పెట్టమందా? ఆహా. నువ్వు వద్దన్నావు, వాళ్లు ఒప్పుకోలేదు. ఆ కమిటీకి అధ్యక్షుడెవరు? … చెప్పు. … ఆ. నువ్వే.

నాన్న బతికుంటే ఏమనేవాడో తెలుసా? చర్చికి కొత్త గంట ఇచ్చి, దాని మీద పేరు చెక్కబోతే సుత్తి లాక్కున్న మనిషి. 'దేవుడికి అడ్రసు తెలుసు' అన్నాడు. అలాంటివాడి కొడుకువి.

… సరే, ఫోను ఎందుకు చేశావో చెప్పు. పుస్తకం నచ్చిందా అని అడగడానికి కాదు కదా.

… ట్రస్టీలు చెప్పారా? ఏమని? … అవును, రాశాను వాళ్లకి ఉత్తరం. గుడ్రున్ చేత దిద్దించి రాశాను. కాలేజీ మూసేశారు, వేసవి నుంచి ఒక్క పిల్లాడు లేడు, ఇంక ఆడేదెవరు, పరిగెత్తేదెవరు? అందుకని నా చేను నాకివ్వమన్నాను. టర్కీ కోళ్ల షెడ్లకి అమ్మేస్తారట కదా మొత్తం! చచ్చినవాడికి పుట్టినరోజు పుస్తకం అచ్చేసి, వాడి చొక్కా కూడా అమ్ముకుంటున్నారు.

సోమవారం రమ్మన్నారు. చర్చి కిందున్న గదిలో. వస్తాను. సంఘమంతా ఉంటుంది, ఉండనీ.

… వెళ్లొద్దా? ఎందుకు వెళ్లకూడదు?

విను. సోమవారం నువ్వు నాకు ఒక్కటే చెయ్యాలి. లేచి నిలబడి, జరిగింది చెప్పు, చాలు. ఆ రోజు వంటింట్లో నువ్వూ ఉన్నావు. నాన్న, అప్పటి పాస్టరు గారు చేతులు కలిపారు. నేను పాలు పితికి లోపలికి వస్తుంటే నాన్న అన్నాడు: 'ఆర్విడ్, పడమటి చేను ఈ ఏడు దున్నకు. కాలేజీ పిల్లలు ఆడుకుంటారట, కొన్నాళ్లు వాడుకోమన్నాను.' కొన్నాళ్లు! ఆ మాట నీ చెవిన కూడా పడింది. అదే చెప్పు.

… కాగితమా? ఏ కాగితం? కాగితం లేదురా. పాస్టరు చెయ్యి కలిపాక కాగితం అడిగితే ఆయన్ని దొంగ అన్నట్టే కదా మన సంఘంలో. నాన్న అడగలేదు, నేనూ అడగలేదు. పన్ను రావడం లేదేమిటని ఒకసారి అడిగితే, కాలేజీ వాడుకునే నేలకు పన్నుండదన్నాడు నాన్న. సరే అనుకున్నాను.

… కోర్టు ఆఫీసుకి వెళ్లి భూమి రిజిస్ట్రీలు చూశావా అని అడుగుతున్నావా? ఎందుకు చూస్తాను? ఎవరైనా చూసి 'ట్వైటెన్ వాళ్ల పెద్దకొడుకు పాస్టరుని అనుమానించాడు' అంటే మొహం ఎక్కడ పెట్టుకోను?

… ఏమిటి నసుగుతున్నావు?

… సెల్మర్?

… చెప్పు. మింగకు, చెప్పు.

… ఏం సంతకం?

… నాన్నదా?

… ఉండు. కుర్చీ లాక్కోనీ.

… ఆ. మళ్లీ చెప్పు. నెమ్మదిగా చెప్పు, నాకు చదువు లేదు కదా.

… నాలుగేళ్ల ఫీజు. హాస్టలు. తిండి. … పాటల గుంపుతో నార్వే ప్రయాణం కూడానా? … దానికి బదులు చేను. రిజిస్ట్రీ చేసి. 1952లోనే.

అంటే వాడుకోమనలేదు. అమ్మేశాడు. నిన్ను చదివించడానికి.

… నీకెప్పుడు తెలుసు? … మొదటి నుంచీనా!

అమ్మకి? … అమ్మకీ తెలుసు. అంటే ఆ వంటింట్లో ముగ్గురికి తెలుసు. పాస్టరుతో కలిపి నలుగురు. నేను పాల బకెట్టు పట్టుకుని నిలబడ్డాను.

— నాన్న నాకు చెప్పొద్దన్నాడా? … 'ఆర్విడ్ మనసు కష్టపెట్టుకుంటాడు' అన్నాడా. ఎంత దయో!

ఒరేయ్, పద్నాలుగేళ్లప్పుడు బడి ఎందుకు మానేశానో తెలుసా? నాన్న నడుం విరిగింది, ఎవడో ఒకడు దున్నాలి. మాస్టారు ఇంటికొచ్చి, 'ఇద్దరిలో పెద్దవాడికే లెక్కలు బాగా వస్తాయి' అని బతిమాలాడు. నీకు గుర్తుందా? … గుర్తుంది. ఆ మాట కూడా రాయలేదు నువ్వు.

ఆ చేలో రాళ్లు ఏరింది నేను. ప్రతి వసంతం మంచు కరగ్గానే కొత్తగా మొలిచేవి, పంట మొలిచినట్టే. ఆరేళ్లు ఏరాను. చేతిగోళ్లు రెండు ఇప్పటికీ రాలేదు. చేను శుభ్రమై మెత్తగా అయ్యేసరికి నీ ఫీజు అయింది. మాకు మిగిలింది చిత్తడి. ఏప్రిల్ వస్తే బాతులకి తప్ప ఎవరికీ పనికిరాదు.

నాన్న పోయాక ఆస్తి కాగితాలన్నీ నువ్వే తెచ్చావు. చదువుకున్నవాడివని, నువ్వు వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టాను. అందులో పడమటి చేను లేదని అప్పుడే తెలుసు నీకు. … తెలుసు. పదిహేడేళ్లు. ఏటా నా బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగి, కిటికీలోంచి అటే చూసేవాడివి.

… ఏడవకు. ఏడిస్తే నాకు విసుగు.

… ఏంటీ? పుస్తకం రెండో అచ్చులో నాన్న పేరు వేయిస్తావా? వద్దు. సిగ్గుపడాల్సింది కప్పుకోవడానికి పేరు దాచుకున్నాడు, దాన్ని మర్యాద అనుకుని నేను ఊరంతా చెప్పుకున్నాను. అలాగే ఉండనీ.

… సోమవారమా? రాను. వచ్చి ఏమనను? ట్రస్టీలు కాగితం చూపిస్తారు, సంఘమంతా నన్ను చూస్తుంది. అందుకే కదా ముందుగా ఫోను చేశావు. నా పరువు కాపాడావు. సంతోషం.

… గుడ్రున్‌కి చెప్పొద్దా? చెప్తాను. ఈ ఇంట్లో చెప్పకుండా దాచేవాళ్లు ఇక ఎవరూ లేరు.

… లేదు. క్రిస్మస్‌కి రావద్దు. పిల్లల్ని పంపు, నువ్వు రావద్దు.

ఒక్క మాట అడిగి పెట్టేస్తాను. చరిత్ర రాసినవాడివి. కాలేజీకి ఎన్ని కిటికీలో రాశావు, పియానోలు ఎన్నో రాశావు. నీ చదువుకి అయిన ఆ పడమటి చేను ఎంతో చెప్పు చూద్దాం.

… పుస్తకం వెతక్కు. అందులో లేదు.

… 'సుమారు' కాదు. ఎంత?

… తెలీదు. నీకు తెలీదు. ఒక్కసారి కూడా దాని నాలుగు గట్లూ నడవలేదు నువ్వు.

రాసుకో, పెన్ను ఉందిగా. రోడ్డుకి పోయింది తీసేసి, ముప్పై ఎనిమిది ఎకరాల అరవై సెంట్లు.