పొడుగుది వద్దన్నాడు

సల్వాలో ఆ అరబ్బుల ఇంటి ముందు డ్రైవరు కారు తుడుస్తుంటే, పనిమనిషి చెత్తసంచీతో బయటికొచ్చింది.

“అన్నయ్యా, నన్ను పంపించేస్తున్నారు.”

“ఎవరన్నారమ్మా?”

“మన యజమాని బాబా ఫోనులో అంటుంటే విన్నాను. పొడుగుది బరువు, దాంతో వేగలేను, పొట్టిదే కావాలన్నాడు. ఈ ఇంట్లో పొడుగుదాన్ని నేనే కదా!”

“అయ్యో పిచ్చితల్లీ, అది ఆయన కొనబోయే తుపాకి గొట్టం గొడవ! పొద్దున్న కారులోనూ ఇదే మాట. గురి పోటీలకైతే పొడుగ్గా, లావుగా ఉండాలంట, ఎన్ని తూటాలు పేల్చినా తొందరగా వేడెక్కదు. వేటకైతే భుజానేసుకుని తిరగాలి కదా, పొట్టిది, సన్నటిది మేలు. ఆయనకి వేటే కావాలి.”

ఆమె ఊపిరి పీల్చుకుంది. సంచీ చెత్తడబ్బాలో వేయబోయి ఆగింది.

“మరి గొట్టానికి కూడా మనలా ఇక్కడ ఉండే పర్మిట్టు, ఇఖామా ఉంటుందా అన్నయ్యా?”

“అదేంటి?”

“ఫోను పెట్టేశాక వాళ్లావిడతో, మామాతో అన్నాడు. పొడుగుదాని ఇఖామా ఈ నెలతో ఖలాస్, మళ్లీ కట్టేది లేదని.”

డ్రైవరు చేతిలో గుడ్డ ఆగిపోయింది. అతను మేడ కిటికీ వైపు చూసి గొంతు తగ్గించాడు.

“నీ పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందమ్మా?”