వట్టివేళ్ల గాలిలో మరక నిలవని గాజు

1991 జూన్ మూడవ తేదీ, సోమవారం ఉదయం, తొలకరి జల్లు పడుతుండగా, చంకలో గొడుగు ఉన్నా విప్పడం మరచి, తడిసి ముద్దయిన దుస్తులతో కార్వాన్‌లోని మన గాజు పూతల ప్రయోగశాలలో అడుగుపెట్టారు శ్రీ వామన్‌రావు గారు. గొడుగు సంగతి ఎవరో గుర్తుచేస్తే, "ఔ గదా!" అంటూ దానివంక ఆశ్చర్యంగా చూశారట. ఆ స్వప్నశీలం నాటికీ నేటికీ ఇసుమంతైనా తగ్గలేదు. ఈ మే నెలాఖరున వారు పదవీ విరమణ చేయనున్నారు. ఆ గొడుగు మాత్రం ఇంకా మన కార్యాలయంలోనే ఎక్కడో ఉంది.

ఉప్పుగూడలో తరతరాలుగా స్థిరపడిన కుటుంబం వారిది. తండ్రిగారు నయాపూల్ దగ్గరి న్యాయస్థానంలో గుమాస్తా. దస్తావేజులకు నకళ్లు రాస్తూ, చెమట పట్టిన వేళ్లతో కళ్లజోడు సవరించుకుంటూ, పంచె అంచుతో తుడుచుకుంటూ, తుడిచి తుడిచి అద్దాలు గీతలు పడి మసకబారితే ఆ మసకలోనే ఉద్యోగమంతా గడిపిన మనిషి ఆయన. ఎంత ముట్టుకున్నా మరక నిలవని అద్దం, ఎంత తుడిచినా అరగని అద్దం ఒకటి నాన్నకు ఉంటే బాగుండునని వామన్‌రావు గారు బాల్యంలోనే కలగన్నారు. రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, రంగుల కర్మాగారంలో కొన్నేళ్లు పనిచేసి మన దగ్గరకు వచ్చేనాటికి తండ్రిగారు లేరు. కల మాత్రం మిగిలింది.

వారి కృషిని శాస్త్రపరిచయం లేని మన సంస్థ కుటుంబ సభ్యుల కోసం రెండు ముక్కల్లో చెప్పాలి. గాజుపై కంటికి కనిపించనంత పలుచగా ఫ్లోరిన్ చేర్చిన పూత పూయాలి. అందులోని పొడవాటి అణువులు ఒక కొనతో గాజును గట్టిగా పట్టుకోవాలి, రెండవ కొనతో చెమటను, నూనెను అంటనీయకూడదు. రెండవ పని సులువే. మొదటిదే ప్రాణం తోడేస్తుంది. పట్టు చిక్కని పూత నాలుగుసార్లు తుడిస్తే గుడ్డతోపాటే వెళ్లిపోతుంది.

పరీక్షలకు కావలసిన వేలిముద్రలు బజారులో దొరికేవి కావు కనుక, మధ్యాహ్న భోజనం ముగించిన ప్రతి ఒక్కరూ ముక్కు పక్కన బొటనవేలు రుద్ది, వారి గాజు పలకపై నొక్కి వెళ్లాలన్న ఆచారం మన కార్యాలయంలో స్థిరపడిపోయింది. కొబ్బరినూనెతో తల నిగనిగలాడే మన గుమాస్తా ఇస్సాకు గారు కనబడితే ఇక పండగే. "ఇస్సాకన్నా, ఎటు పోతున్నవ్? నీ తలనూనెతోని మస్తు పనున్నది, జర ఇటు రా!" అని కేకవేసేవారు. తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి చేత కూడా ముక్కు రుద్దించిన ఘనులు వారు. ఆపైన పలకను కిటికీ వెలుగుకు ఎత్తిపట్టుకుని, అందులోంచి సాగిపోయే మబ్బులను చూస్తూ ఉండిపోయేవారు. బల్లమీద టీ చల్లారి మీగడ కట్టేది.

రెండువేల సంవత్సరం వానాకాలంలో, ఎన్నాళ్ల శ్రమ తరువాతో, పూత గాజుపై నిలిచింది. తొలిపూత సహధర్మచారిణి శ్రీమతి లక్ష్మీకాంతమ్మ గారి కళ్లజోడుకే దక్కింది. "మంచిగనే ఉన్నది" అని ఆమె ముక్తసరిగా అన్న మాటను వారు ఏ ప్రశంసాపత్రానికీ తీసిపోదన్నట్టు నెలరోజులు అందరికీ చెప్పుకున్నారు.

మరుసటి వేసవిలో ఆ కలకే గండం వచ్చిపడింది. పూతల విభాగాన్ని ఉంచాలో ఎత్తివేయాలో తేల్చడానికి నిపుణుల సంఘం వస్తుందన్నారు. ఎత్తివేస్తే విభాగంలోని వారు చెట్టుకొకరు పుట్టకొకరు అవుతారు. వామన్‌రావు గారు మళ్లీ రంగుల డబ్బాల మధ్యకు పోవలసిందే. పలకలపై దుమ్ము రేణువైనా వాలకూడదని వారే పట్టుబట్టి, ఏళ్ల తరబడి కిటికీలో కమ్మగా వాసనలు వెదజల్లుతూ నీళ్లు కారుస్తున్న వట్టివేళ్ల తడకల కూలర్‌ను తీయించి ఏసీ పెట్టించారు. గది తళతళలాడింది. పూత మాత్రం ఊడిపోసాగింది.

ఏ పలకను గుడ్డతో రుద్ది చూసినా అంతే. పూత అరిగిపోయేది, ఇస్సాకు గారి బొటనవేలు గుర్తు నిక్షేపంగా నిలిచేది. ద్రావణం మార్చారు, గాజు మార్చారు, సీసాలు మార్చారు. తిండి సయించలేదు, కలలూ మానేశారు. వారు టీని వేడివేడిగా తాగడం మేము ఆ రోజుల్లోనే చూశాం, చూసి నిజంగా భయపడ్డాం.

అప్పుడొక ఆదివారం మధ్యాహ్నం ఉప్పుగూడలో, ఇంటి కూలర్ ఎదుట నడుం వాల్చారు. తడి వట్టివేళ్ల వాసన, దూరంగా రైలు కూత, సగం నిద్ర. కలలో తండ్రిగారు నయాపూల్ మీద నిలబడి కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ఎంత తుడిచినా మసక వీడటం లేదు. ఇంతలో కూలర్ తుంపర ముఖాన పడి మెలకువ వచ్చింది. ఎదురుగా లక్ష్మీకాంతమ్మ గారు ఆవకాయ ముక్కలకు నూనె పట్టిస్తూ, అదే చేత్తో కళ్లజోడు పైకి తోసుకుని, చెంగుతో ఒక్కసారి తుడిచారు. అద్దాలు తేటగా మెరిశాయి. ఏడాదిగా చెంగు రాపిడి తిన్న పూత చెక్కుచెదరలేదు.

"తడి! గాలిల తడి!" అంటూ లేచి కూర్చున్నారు వామన్‌రావు గారు.

"ఏమైంది, కలొచ్చిందా?"

"కల గాదు. పూత గాజును పట్టుకోవాల్నంటే గాలిల తడి ఉండాలె. నీ జోడు వానకాలంల పూసిన, అందుకే నిలిచింది. ఏసీ పెట్టిచ్చి ఆ తడంత నేనే గుంజేసిన."

"అయితే మల్ల కూలరే పెట్టుకోండ్రి. దానికింత లొల్లెందుకు?" అని ఆమె ముక్కలు కలుపుతూనే తీర్పు చెప్పారు.

కూలర్ తిరిగి కిటికీకెక్కింది, పూత తిరిగి గాజును పట్టింది. ఇక మన సంచాలకులు శ్రీ ఆదిశేషయ్య గారి బాధ వర్ణనాతీతం. "ఏమండీ వామన్‌రావు గారూ, అంత పెద్దవాళ్లు వస్తుంటే ఏసీ కట్టేసి ఈ డొక్కు కూలరా? నా పరువేం కానండీ?" అని వాపోయారు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. చెమటలు పడితె ముద్రలు ఇంక మంచిగ పడ్తయి."

అన్నట్టే పడ్డాయి. పెద్దలందరూ చెమటలు కక్కుతూ, ముక్కులు రుద్దుకుని, సాయంత్రందాకా గుడ్డ రాపిడికి గురైన పలకలపై వేళ్లు నొక్కారు. ఒక్క తుడుపుతో గాజు మళ్లీ తేటబడింది. విభాగం నిలిచింది. సంఘాధ్యక్షులు చేయి చాచి అభినందిస్తుంటే వామన్‌రావు గారు వినిపించుకోలేదు. పలకను కిటికీకి ఎత్తి మబ్బులు చూస్తున్నారు. బల్లమీద టీ చల్లారిపోయింది. మా ప్రాణాలు కుదుటపడ్డాయి.

అనంతర కాలంలో వారి పూత కళ్లద్దాల నుంచి, నలుగురూ వేళ్లు ఆనించే యంత్రాల గాజు తెరల వరకు వ్యాపించింది. శిష్యురాలు శ్రీమతి రాగసుధ గారికి వారు నేర్పిన తొలిపాఠం సూత్రం కాదు, తడకలు తడపడం. ఇటీవల లక్ష్మీకాంతమ్మ గారిని కదిలిస్తే, "గాజు మీదనే గాదు, ఆయన మీద గూడ ఏదీ నిల్వదు. నేనన్న మాటలన్ని జారిపోతయి" అన్నారు. ఒక్క కూలర్ మాట మాత్రం నిలిచింది, దాని పుణ్యమా అని మేమందరం ఒక్కచోటే మిగిలాం. ఆ రుణం మరువలేనిది.

ఈ సంచిక చేతికందే వేళకు, కొట్టుగదిలోని ఆ పాత కూలర్ కొత్త వట్టివేళ్ల తడకలతో, అక్కడే దొరికితే ఆ తొలినాటి గొడుగుతో సహా, ఉప్పుగూడ ఇంటి కిటికీకి చేరి ఉంటుంది. వామన్‌రావు దంపతులు ఆయురారోగ్య ఐశ్వర్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, ఆ చల్లగాలిలో వారు తీరిగ్గా మధ్యాహ్నపు కునుకులు తీయాలని, కలలోకి వచ్చిన తండ్రిగారు ఈసారి కళ్లజోడు తుడుచుకోకుండానే కొడుకును తేటగా చూడాలని, పక్కన టీ చల్లారిపోవాలని మనసారా కోరుకుంటున్నాం.