వినిపించనిదే అచ్చుకివ్వని ఆచార్యులవారు

1988 జూలై 4వ తేదీన మన ప్రాంతీయ అధ్యయన కేంద్రంలో పరిశోధన సహాయకులుగా అడుగుపెట్టిన ఆచార్యులవారు, ఈనాడు సీనియర్ ఫెలోగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆనాటి కేంద్రమంటే గ్రంథాలయం వెనుక రెండు గదులు, కాలు విరిగిన ఒక బల్ల, వాన పడితే పటాలు తడవకుండా కాపాడుకునే హడావిడి. ఆ గదులను తలచుకుంటే పాతవారికి నేటికీ మనసు చెమ్మగిల్లుతుంది.

ఏ ప్రాంతాన్ని గురించి రాశారో ఆ ప్రాంతవాసుల ఎదుటే రాతప్రతిని చదివి వినిపించి, వారు సరేనన్న తరువాతే అచ్చుకివ్వడం ఆయన తొలినాళ్లలోనే పెట్టుకున్న నియమం. దానివల్ల పుస్తకాలు ఆలస్యమయ్యేవి, డైరెక్టర్ల రక్తపోటు పెరిగేది. ఆయన మాత్రం పట్టిన పట్టు విడిచేవారు కారు. ఒకసారి తొందరలో ఫైలు మారిపోయి, జాలరుల అధ్యాయాన్ని కుమ్మరుల వాడలో ఆసాంతం అభినయంతో సహా చదివారు. అందరూ బుద్ధిగా విన్నారు. చివరకు ఒక అవ్వ, "బాగుంది నాయనా. కానీ మాకు పడవలెక్కడివి?" అంది.

"మొదట్లోనే చెప్పొచ్చు కదమ్మా!"

"అంత ముచ్చటగా చదువుతుంటే ఆపడానికి నోరెలా వస్తుంది?"

ఈ కథను ఆయనే పదిమందికీ చెప్పి నవ్వించేవారు.

ఆ కంఠమే నిరుడు శస్త్రచికిత్స తరువాత మూగవోయింది. రాతిగనుల జీవనంపై ఆయన చివరి గ్రంథం అప్పటికే సిద్ధంగా ఉంది. "ఈసారికి వినిపించకుండానే ఇచ్చేయండి సార్, మీరు కేంద్రంలో ఉండగానే పుస్తకం చూద్దాం" అని డైరెక్టరుగారు బతిమాలారు. పదవిలో ఉండగానే అది చేతికి రావాలన్న ఆశ ఆయనకూ లేకపోలేదు. అయినా తల అడ్డంగా ఊపారు.

అప్పుడు, ఇన్నేళ్లూ ఆ ఊళ్ల తిరుగుడును తిట్టిపోసిన ఇల్లాలే, "పదండి, నేను చదువుతాను" అని నడుం బిగించారు. గనుల దగ్గర రేకుల పాకలో చదువుతూ చదువుతూ ఆమె ఒకచోట ఆగిపోయారు.

"మగవాళ్లు రాళ్లు కొడతారు, ఆడవాళ్లు ఇంటిపట్టున ఉంటారు అని రాశారేంటండీ? ఎదురుగా కూర్చున్న ఈ ఆడవాళ్ల చేతులు చూశారా?"

కంకర కొట్టి కాయలు కాచిన చేతులను ఆ స్త్రీలు నవ్వుతూ చాపారు. అంతకుముందు అక్కడ ఆయన మాట్లాడిందంతా మగవారితోనే. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా పని మీ కంటికి పనిలా కనిపించదా అని ఇంట్లో ఎన్నేళ్లుగానో మొత్తుకుంటున్నా. గొంతు పోతేగానీ చెవులు రాలేదు మీకు!" అని ఆమె అనగానే పాకంతా గొల్లున నవ్వింది.

ఆయన ఆ అధ్యాయాన్ని కొట్టివేసి మళ్లీ మొదలుపెట్టారు. అందుకే ఈ వీడ్కోలు సభలో ఆయన చేతిలో అచ్చయిన పుస్తకం లేదు; సగం దిద్దిన రాతప్రతి ఉంది. రచయితల స్థానంలో దంపతులిద్దరి పేర్లూ ఉన్నాయి. ఎంత ఆలస్యమైనా కేంద్రమే ప్రచురిస్తుందని డైరెక్టరుగారు మాటిచ్చారు.

ఆచార్యులవారి స్వరం మెల్లగానైనా కోలుకోవాలనీ, అంతవరకు ఆమె స్వరం అలసిపోరాదనీ, ఆ దంపతులు నిండు ఆరోగ్యంతో నూరేళ్లూ ఒకరి తప్పులొకరు దిద్దుకుంటూ చల్లగా ఉండాలనీ మనసారా కోరుకుందాం.