సొరుగులో పొట్లం

(బట్టలు కుట్టే కార్ఖానా. మిషన్ల హాలు పక్కన కటింగు మాస్టారి గది.)

"కుట్టు వంకర పోయిందని పిలిచారు. వంకర పోయింది కుట్టు కాదు మాస్టారూ, మీ చూపు."

"నోరు మూసుకుని ఆ బట్ట... ఆ బట్ట ఇటివ్వు."

"మీ చేతిలోనే ఉంది."

"ఆఁ? సరే. ఉక్కగా ఉంది, ఫ్యాను వెయ్యి."

"తిరుగుతూనే ఉంది. మీ చొక్కా తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. ఇన్సులిన్ వేసుకుని టిఫిను మానేశారు కదూ?"

"పని తొందరలో... అయినా నీకెందుకు? నీకెలా తెలుసు?"

"ఇన్సులిన్ వేసుకునే మా ఆయనతో కాపురం చేస్తున్నదాన్ని, నాకు తెలీకేం. షుగరు పడిపోయింది మీకు."

"అయితే ఏదన్నా తీపి ఉంటే ఇవ్వు. తీపి..."

"ఎక్కడినుంచి తేను? బట్ట మీద మరకలు పడతాయని గేటు దగ్గరే అందరి జేబులూ ఖాళీ చేయించే రూలు ఎవరిది?"

"అబ్బా, ఇప్పుడా అవన్నీ?"

"ఇప్పుడే. ఆ రోజు ఈ హాల్లోనే మిషను మీదున్న మా ఆయనకీ ఇలాగే చెమటలు పట్టి మాట తడబడితే ఏమన్నారు?"

"ఏమో, గుర్తులేదు."

"తాగొచ్చాడన్నారు. గేటు దగ్గర లాక్కున్న గ్లూకోజు పొట్లం ఇవ్వండి బాబూ అని బతిమాలుతుంటే నవ్వి, మెడపట్టి గెంటించారు. ఇప్పుడాయన్ని ఏ కార్ఖానా వాళ్ళూ గడప తొక్కనివ్వరు. తాగుబోతట."

"తప్పే. తప్పయిపోయింది. కళ్ళు తిరుగుతున్నాయే, చచ్చిపోతాను."

"మీరు చస్తే నా కడుపుమంట చల్లారదు. జరగండి, ఆ సొరుగు తియ్యాలి, గేటు దగ్గర లాక్కున్నవన్నీ అందులోనేగా పడేస్తారు. ఇదిగో, ఆయన పొట్లం. విప్పను కూడా విప్పలేదు మీరు. నీళ్ళలో కలిపాను, మెల్లగా తాగండి."

"ఇక్కడే... నా సొరుగులోనే ఉందా?"

"మాట్లాడకుండా మింగండి. పావుగంట కదలకుండా కూచుని షుగరు చూసుకోండి. ఇంకా తక్కువుంటే మళ్ళీ కలిపిస్తాను. కుదుటపడ్డాక ఇంత అన్నం తినండి."

"నీ మేలు మర్చిపోను. ఓనరు గారికి మాత్రం చెప్పకు. జబ్బని తెలిస్తే నన్ను ఉంచడు."

"అదిగో, ఆయనే వస్తున్నారు. లేవకండి, పడతారు."

"ఏంటమ్మా, మాస్టారు అలా తూలుతున్నాడు? ఏమైంది?"

"నాకేం తెలుసు సార్. చెమటలు, వణుకు, మాట ముద్దముద్దగా వస్తోంది. ఇలా ఉన్నవాణ్ణి ఏమంటారో మా ఆయన్ని గెంటిన రోజు మీకు చెప్పింది మాస్టారేగా. మళ్ళీ ఆయన్నే అడగండి."