కాలు కింద పెట్టని బావ

మా టైలర్ షాపు పక్కనే టీ కొట్టు. కరెంటు పోయినప్పుడల్లా మిషన్ ఆపి అక్కడ కూర్చుంటాను. ఆవేళా పోయింది. నా ఖర్మ కొద్దీ అప్పుడే బావ వచ్చాడు. నాకేమీ బావ కాడు, పశువుల ఆసుపత్రిలో పనిచేసే అమ్మాయికి అక్క మొగుడు. ఆ పిల్ల పిలిచే పిలుపే వీధంతా పట్టుకుంది.

ఆ పిల్లకి కొండ మీది ఊళ్ళలో డ్యూటీ పడింది. ఐస్ డబ్బాలో టీకాలు పెట్టుకుని, బురదలో, రాళ్ళలో ఒక్కతే వెళ్ళాలి. ఎదుటి షోరూంలో తేలికపాటి అడ్వెంచర్ బండి చూసుకుంది, ఆ సాయంత్రమే బుక్ చెయ్యాలి. వాళ్ళక్కేమో "మీ బావ సరేనన్నదే కొను" అని పట్టుబట్టింది, అందుకే ఆ పిల్ల కొట్టు దగ్గర బావ కోసం కూర్చుంది. ఆయన మాట విని ఆయన తోలేలాంటి ఏనుగు బండి కొంటే, దారిలో కూరుకుపోయి ఐస్ కరిగేదాకా ఏడవాల్సింది ఈ పిల్లే. బావకేం, ఇంట్లో ఫ్యాను కింద ఉంటాడు.

బావ తన బండిని ఎప్పట్లాగే, కొట్టు నడిపే టీ అక్క వేసిన చెక్క మెట్టు పక్కన ఆపాడు. దిగలేదు, స్టాండూ వెయ్యలేదు. ఎడమ కాలు మెట్టు మీద ఆనించి, గ్లాసు అందుకుని, మొదలెట్టాడు.

"ఏంటి మరదలా, నువ్వు చూసింది బండా అది? ఈ టైలర్ మిషన్‌కి రెండు చక్రాలు తగిలిస్తే అంతకన్నా నయం!"

"నా మిషన్ జోలికి రాకు," అన్నాను.

"నిజం చెబితే కోపం! బండి కొనేముందు మనం తోలే పద్ధతేంటో చూసుకోవాలి. కూరగాయలకి వెళ్ళొచ్చేవాడికి ఒక బండి, తారు రోడ్డు మీద షికారు కొట్టేవాడికి ఇంకో బండి. కొండలెక్కే మొనగాడికి మాత్రం ఇదొక్కటే. ఎత్తుండాలి, బరువుండాలి, చప్పుడుకి వీధి లేవాలి!"

"పడితే ఒక్కదాన్నే లేపుకోవాలి కదా బావా?"

"పడితే కదా లేపడం! పోయిన వానల్లో నువ్వెళ్ళే ఆ కొండే ఎక్కాను. సన్నగా జల్లు, రోడ్డంతా జారుడు. జీపులవాళ్ళు దండం పెట్టి వెనక్కి తిరిగారు. నేనా? కాలు కింద పెట్టలేదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నువ్వు చెప్పకుండా వదుల్తావా," అంది టీ అక్క.

"వాగు! వంతెన కొట్టుకుపోయింది. నీళ్ళు హ్యాండిల్ దాకా వచ్చాయి, కాసేపటికి హెల్మెట్ దాకా వచ్చాయి. లోపలే తోలాను. చేపలు అద్దంలోకి తొంగిచూసి పక్కకి తప్పుకుంటున్నాయి, హారన్ కొట్టే పని కూడా లేదు. ఒక చేప సైలెన్సర్లో దూరి, ఒడ్డెక్కేసరికి వేగి బయటికొచ్చింది. తింటూ తోలాను."

"ఉప్పు సరిపోయిందా?" అన్నాను.

"ఎగతాళా? నువ్వెప్పుడైనా నీ స్టూలు దిగి చూశావా లోకం? విను మరదలా. వాగు దాటానా, కొండచరియ విరిగింది. ఇల్లంత బండరాళ్ళు దొర్లుకుంటూ వస్తున్నాయి. ఇంకెవడైనా అయితే పారిపోతాడు. నేను దొర్లే రాయి మీద నుంచి ఇంకో దొర్లే రాయి మీదికి, మెట్లెక్కినట్టు ఎక్కేశాను. అప్పుడైనా కాలు కింద పెట్టానా? పెట్టలేదు!"

నేను ఆయన కాలి వంక చూశాను. ఆయన ప్యాంట్లు కుట్టేది నేనే. ప్రతిసారీ గుడ్డ మిగులుతుంది.

"పైకెళ్ళాక రోడ్డయిపోయింది. ఆగితేనా! మబ్బు మీదికి పోనిచ్చాను. అక్కణ్ణుంచి దిగేటప్పుడు ఎంత వేగమంటే, నా లైటు వెలుగు నా వెనక పడిపోయింది. ఈ కొట్టుకొచ్చి ఒక టీ తాగి రెండోది చెప్పాక, అప్పుడు వినపడింది నా ఇంజన్ చప్పుడు, తీరిగ్గా వస్తూ! అదీ బండంటే. నువ్వు తోలే పద్ధతికి కూడా ఇదే కొను, ఇంకో మాట వద్దు. మీ అక్కకి నేను చెప్తా."

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. గంటల కొద్దీ ఆలోచించుకుని ఎంచుకున్న బండిని మబ్బుల కథతో తీసిపారేస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

అంతలో పాల వ్యాను వచ్చి హారన్ కొట్టింది. "అన్నా, బండి కాస్త ముందుకి తియ్యి, క్యాన్లు దించాలి," అంది టీ అక్క.

"తీస్తాలే, ఇంజన్ వేడెక్కనీ."

"వేడెక్కేదాకా పాలు ఆగవు," అంటూ అక్క దారికడ్డమని చెక్క మెట్టు లాగేసింది.

బావ ఎడమ కాలు గాల్లో వేలాడింది. బూటు ముందుకి వెతికింది, వెనక్కి వెతికింది. నేల దొరకలేదు. బండి మెల్లగా ఆ పక్కకి ఒరగడం మొదలెట్టింది. గ్లాసులో టీ చొక్కా మీద పడింది.

"కాలు పెట్టు బావా, కాలు పెట్టు!" అని అరుస్తూ ఆ పిల్ల ఉరికొచ్చి హ్యాండిల్ పట్టుకుంది. నేను వెనక సీటు పట్టాను. వ్యాను డ్రైవరు కూడా చెయ్యి వేస్తేగానీ ఆ బరువు ఆగలేదు.

నవ్వడానికి కూడా ఊపిరాడలేదు మాకు. ఆ పిల్ల మాత్రం బావ బూటునీ నేలనీ, మధ్యలో ఉన్న జానెడు ఖాళీనీ తీరిగ్గా చూసింది.

"వాగులో పెట్టలేదు, కొండ మీద పెట్టలేదు అంటే ధైర్యమనుకున్నాను బావా. పెట్టలేదు కాదు, అందలేదు!"

బావ బూటు ఇంకా నేల కోసం వెతుకుతూనే ఉంది.

"అక్కా, ఆ మెట్టు మళ్ళీ వెయ్యి," అంది ఆ పిల్ల, హ్యాండిల్ డ్రైవరుకి అప్పగించి షోరూం వైపు రోడ్డు దాటబోతూ. "బావ మబ్బు మీంచి దిగాలి."