నేరం మౌస్ మీద

కాకినాడ ఏటిమొగలో నూకరత్నం ఇల్లు. చేపల బజారు నుంచి ఆమె ఇప్పుడే వచ్చింది. పాత కంప్యూటరు ముందు కూర్చుని మరిది లోవరాజు మౌస్‌కి స్క్రూ బిగిస్తున్నాడు.

"తెలిసిందా, ఏం పోయిందో?"

"చక్రం చుట్టూ జుట్టు చిక్కుకుంది వదినా. ఎడమ బటన్ అరిగిపోయింది. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. ఏదో గీకి పెట్టాను."

"అమ్మయ్య. రేపు ఎస్సైగారు రమ్మన్నారు. ఆ వీడియో పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పెట్టు."

"టీ పెడతావా?"

"పెడతాను. ముందు ఎక్కించు."

"అదే వదినా... ఒకటైంది."

"ఏంటి?"

"మౌస్ పనిచేస్తోందో లేదో చూద్దామని నొక్కాను. రెండుసార్లు పడే రకం కదా ఇది. వీడియో పోయింది."

"పోయిందంటే?"

"డిలీట్ అయిపోయింది."

"ఏ వీడియో?"

"సురేష్‌బాబు తన పడవలోంచి తీసింది."

"పెద్ద బోటు మీ అన్న పడవని గుద్దినప్పటిదా?"

"అదే."

"మీ అన్న ఎలా పోయాడో చెప్పడానికి ఉన్నది అదొక్కటే కదా లోవరాజూ."

"నేను కావాలని చేశానా? పాత సామాను వదినా ఇది. కొత్త మౌస్ కొందామంటే వినలేదు నువ్వు."

"రెండుసార్లు పడితే వీడియో మొదలవ్వాలి గాని, పోవడమేంటి? మన పిల్ల సాయిసుధ నాకలాగే నేర్పింది. రెండుసార్లు నొక్కమ్మా, తెరుచుకుంటుంది అని."

"కుడి బటన్ తగిలిందేమో."

"తగిలితే?"

"డిలీట్ అని వస్తుంది."

"వస్తే, నిజంగా తీసెయ్యనా అని అడగదూ?"

"అడుగుతుంది. దాని మీదా పడిపోయింది."

"సర్లే. చెత్తబుట్ట బొమ్మ ఉందిగా. తీసేసినవన్నీ అందులోకే వెళ్తాయంది అమ్మాయి. అక్కణ్ణుంచి తెచ్చి పెట్టు."

"అందులో లేదు."

"చూశావా?"

"చూశాను. ఖాళీగా ఉంది."

"దాన్నీ మౌసే ఖాళీ చేసిందా?"

"వదినా..."

"నిన్నే అడుగుతున్నాను."

"నామీదే అనుమానమా? అన్నయ్య పోయాక ఈ ఇంటికి బియ్యం మోసింది ఎవరు? పిల్లని కాలేజీకి దింపుతున్నది ఎవరు?"

"నువ్వే. శవం దొరికేదాకా తిండి మానేసి ఒడ్డున కూర్చున్నదీ నువ్వే. కాదన్నానా?"

"మరి?"

"ఆ పెద్ద బోటు ఓనరు దగ్గరే కదా నీ పని. ఆయన నీ చేతిలో ఏమైనా పెట్టాడా?"

"అమ్మతోడు. పైసా ముట్టలేదు."

"నమ్ముతాను."

"నమ్ముతావా?"

"డబ్బుకి అన్నని అమ్ముకునే మనిషివి కాదు నువ్వు."

"ఇంక వదిలెయ్ వదినా. అందులో మాత్రం ఏముంది? మంచు, అలలు. మనిషన్నవాడు కనబడడు."

"అయితే చూశావన్నమాట."

"కొంచెం."

"ఎందాకా?"

"గుద్దేదాకా. ఆ తర్వాత చూడలేకపోయాను."

"నేను చూశాను."

"మౌస్ పనిచెయ్యందే ఎలా చూశావు?"

"సురేష్‌బాబు ఫోన్‌లో."

"వాడు ఫోన్‌లోంచి తీసేశాడన్నావు కదా."

"అన్నాను. నీతో అలా అన్నాను."

"అంటే, ఇంకా ఉందా వాడి దగ్గర?"

"ఉంది. ఆ రోజు నువ్వెక్కడున్నావు లోవరాజూ?"

"ఎన్నిసార్లు చెప్పాలి? జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నాను. బోటు వేరేవాడు తీసుకెళ్లాడు."

"గుద్దిన తర్వాత మీ అన్న నీళ్లలోంచి చెయ్యెత్తాడు. పెద్ద బోటు ఆగలేదు. చుక్కాని దగ్గరున్న మనిషి మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు."

"కనబడ్డాడా?"

"బాగా కనబడ్డాడు."

"వదినా, పడవలో ఉన్నది అన్నయ్యేనని నాకు..."

"మౌస్ బాగుచెయ్యడానికి పిలవలేదు లోవరాజూ నిన్ను. అందులో నీ మొహం నువ్వు చూసుకుంటే, నేను బజారు నుంచి వచ్చేసరికి గుమ్మంలో కూర్చుని ఏడుస్తూ ఉంటావని పిలిచాను."