మోతీలాల్ తిన్న హోటళ్ళు

ఏదీ, ఆ కాయితం ఇటియ్యి. దాచిపెడ్తున్నవెందుకే? నాకు కండ్లు మసకగని చెవులు మంచిగనే ఉన్నయి, పొద్దుగాల సంది మీ నాయనమ్మ మొత్తుకునుడు ఇంటనే ఉన్న. "తాత కడుపు కోస్తమంటుంటె దీనికి హోటళ్ళ లిస్టు కావాల్నట" అని. ఇయ్యి మధూ, నేనేమన్న చింపుతనా? ఆఁ... పేపరోని ఆదివారం పుస్తకంల నుంచి కత్తిరించినవా? మంచిగ అంచులు గూడ పోకుండ. ఏం రాసిండు, చదువు, అద్దాలు సంచిల పెట్టేసింది మీ నాయనమ్మ. "హైదరాబాద్ వెళ్తే తప్పక రుచి చూడాల్సిన పది హోటళ్ళు." పది! మనల్ని హైదరాబాద్ దవాఖానల ఉండమన్నది పన్నెండు రోజులు, మధ్యల ఒకటి రెండు రోజులు అజీర్తికి పోతె సరిగ్గ సరిపాయె. ఇంక చదువు. "ఆంబియన్స్ అదుర్స్." ఆంబియన్స్ అంటె ఏంది బిడ్డా? లైట్లు తక్కువ పెట్టుడా? గంతేనా? బొగ్గు బాయిల ముప్పై రెండేండ్లు గదే ఆంబియన్స్‌ల కూసోని సద్ది తిన్న, మాకొక్కడు స్టార్లియ్యకపాయె. తర్వాతది? బఫె. అంటె గిన్నెల కాడికి మనమే పోయి మనమే పెట్టుకోవాలె. మీ నాయనమ్మ నాకు రిటైరైన కాడి నుంచి అదే పెడ్తంది, నువ్వు చూస్తనే ఉన్నవు.

నవ్వకు. ఈ పేపరాయనకు ఏం తెల్సు. హైదరాబాద్ హోటళ్ళ గురించి చెప్పాల్నంటె మా మోతీలాల్ చెప్పాలె. యాదికున్నడా నీకు? నువ్వు ఏడో తరగతప్పుడు పోయిండు. ఎడమ కాలు ఈడ్చుకుంట నడుస్తుండె, చేతుల ఎర్ర ప్లాస్టిక్ బుట్ట... అవ్, ఆయనే, బిస్కెట్ల తాత. నీకు బిస్కెట్లే యాదికుంటయి తియ్యి. టేకులపల్లి దిక్కు తండా వాళ్ళది. నేను, ఆయన ఒక్క రోజే బాయిల చేరినం, ఒక్క బొగ్గు టబ్బు నింపినం. మాకు పెండ్లిండ్లు గూడ ఒక్క ఎండకాలమే అయినయి, నాకు పిచ్చమ్మ, ఆయనకు కమ్లి. అయినంక రెండేండ్లకు పైనుంచి బొగ్గు పెళ్ళ ఊడి ఆయన కాలు మీద పడ్డది. ఇగ బాయిల దిగనియ్యలే, పైన దీపాల గదిల కూసోబెట్టిండ్రు. దిగేటోనికి దీపమిచ్చుడు, ఎక్కినోని కాడ దీపం తీసుకునుడు. నీడ పట్టున ఉద్యోగం. మేమంత "అబ్బ, వీని కాలు విరిగినా విరిగింది, అదృష్టం" అంటుంటిమి. చూడు, మనుషులం ఎసుంటోళ్ళమో.

గప్పుడేమైతుండెనంటె, మన మణుగూరు దవాఖానల కాని జబ్బులకు హైదరాబాద్ రెఫర్ చేస్తుండ్రి. పేషంటు ఎంట ఒక అటెండెంట్ పోవాలె. ఇంట్ల మొగోళ్ళేమో షిఫ్టులల్ల, ముసలోళ్ళకేమో హిందీ రాదు, సికింద్రాబాద్ స్టేషన్ల దిగితె ఏ దిక్కు పోవాల్నో తెల్వదు. మోతీలాల్‌కు హిందీ ఒస్తది, దీపాల గదిల సెలవు దొరుకుతది. ఒకసారి పోయిండు, రెండుసార్లు పోయిండు, ఇగ ఎవ్వలకు రెఫర్ రాసినా ముందుగాల మోతీలాల్ ఇంటికే ఉరికేది. వచ్చినంక ఏం చెప్తడనుకున్నవు? "మా నాయినకెట్లున్నదన్నా" అని అడిగితె, "మంచిగనే ఉన్నది తమ్మీ, కని ఆ దవాఖానా ఎనక గల్లీల పూరీ తిన్న చూడు..." అని మొదలువెడ్తుండె. గుండె జబ్బోళ్ళ దిక్కు ఇడ్లీ మంచిగుంటదంట. కిడ్నీలోళ్ళ దిక్కు పెరుగన్నం, దాంట్లె దానిమ్మ గింజలేస్తరంట. కండ్ల దవాఖానా ఎదురుంగ ఇరానీ చాయ్. మా కాలనీవోళ్ళకు హైదరాబాద్ అంత జబ్బులను బట్టే తెల్సు. చార్మినార్ ఒక్కడు చూడలే, ఎందుకంటె దాని పక్కకు మనకు రెఫర్ లేదు. పేషంటు సన్నబడి వస్తుండె, అటెండెంట్ బుగ్గలొచ్చి వస్తుండె. నల్లా కాడ ఆడోళ్ళు ఒకటే నవ్వుడు. "ఓ మోతన్నా, మా ఆయనకు కాలు నొస్తంది, కాలు నొప్పికి ఏ హోటల్ మంచిది?" అని. ఇంట్ల కమ్లి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పెడ్తె కిక్కురుమనకుంట తినేటోడు, హైదరాబాద్ పోతె నవాబు.

నేను గూడ నవ్వినోన్నే. నవ్వితె ఏమున్నది, మా ఇంటి దాక వస్తె గద తెలిసేది. తొంభై ఎనిమిదిల మీ నాయనమ్మకు కడుపుల గడ్డ అన్నరు. నాకు సెలవు దొరకలే. మోతీలాల్ వచ్చి "నేను పోత తియ్యి గోపయ్యా, ఆడమనిషి పక్కకు ఆడమనిషి ఉండాలె, కమ్లిని గూడ తీస్కపోత" అన్నడు. పోయిండ్రు. ఆపరేషన్ అయినంక ఆదివారం నేను రైలెక్కి పోయిన. వార్డుల అడుగు పెడ్తె ఏముందీ, పిచ్చమ్మ చేతికి గ్లూకోజు పెట్టుకొని పండుకున్నది, పెదవులు ఎండిపోయి పొట్టు లేస్తున్నయి. పక్కకు స్టూలు మీద మన నవాబు. చేతులు తిప్పుకుంట, "అడుగున పట్టిన బిర్యానీ ఉంటది చూడు చెల్లే, అది చెంచతోని గీకి పెట్టించుకున్న, మసాలంత దాంట్లెనే..." అని చెప్తుండు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా పెండ్లాం నోట్లె సుక్క నీళ్ళు లేవు, ఆమె ముంగట కూసోని బిర్యానీ కథలు చెప్తున్నవా? మనిషివా నువ్వు?" అన్న. వార్డంత ఇన్నది. నర్సు ఉరికొచ్చింది. మోతీలాల్ లేచిండు. బుట్ట పట్టుకొని, కాలీడ్చుకుంట బయటికి పోయిండు.

నాలుగేండ్లు మాట్లాడలే ఆయనతోని. నాలుగేండ్లు! దీపం తీసుకునేటప్పుడు గూడ మొఖం చూడకుంట తీసుకున్న. మీ నాయనమ్మ చెప్తనే ఉండె, "నేనే అడిగిన, నేనే చెప్పమన్న, నువ్వెందుకు గట్ల ఎగిరినవు" అని. నేనింటనా? ఇంటికొచ్చి లేచి తిరిగినంక ఒకరోజు బ్రెడ్డు ముక్కలు నెయ్యిల ఏంచి, పాలు, చక్కెర పోసి ఏందో చేసింది. ఏందిదంటె డబల్ కా మీఠా అంట. చూసిందా? లేదు. తిన్నదా? లేదు. మోతన్న చెప్పిండంట, బ్రెడ్డు ఎంత ఎర్రగ కావాల్నో, పాలెప్పుడు పొయ్యాల్నో. అది డబలో సింగలో నాకు తెల్వదుగని, రెండుసార్లు పెట్టించుకున్న. కోపంతోనే తిన్న మల్ల.

ఏందే పిచ్చమ్మా, ఇంటున్నవా? ఇను, నీ గురించే చెప్తున్న.

ఆఁ, యాడున్న? రెండు వేల రెండు. వానలు తగ్గుతున్నయి, గోదారి వరద తీసింది. మోతీలాల్‌కు అన్నం దిగుతలేదన్నరు. ముందుగాల అన్నం, తర్వాత గంజి, తర్వాత నీళ్ళు గూడ. అన్నవాహికల పుండు, మంచిది కాదు, రెఫర్. ఇగ అటెండెంట్ ఎవరు పోవాలె? ముప్పై మందిని తీస్కపోయి తీస్కొచ్చిన మనిషి గద, కాలనీ అంత కొట్లాడుకోవాలె నేను పోతనంటె నేను పోతనని. అబ్బో, ఏం కొట్లాట! ఒకనికి పత్తి ఏరుడు, ఒకనికి పెండ్లిచూపులు, ఒకనికి అప్పటికప్పుడు నడుము నొప్పి. కమ్లి ఒక్కతే మూట కట్టుకుంటందని తెలిసి మీ నాయనమ్మ నా అంగీలు రెండు సంచిల కుక్కి నా ముంగట పెట్టింది. "పోతున్నవు" అన్నది. పోతవా అని అడగలే, పోతున్నవు అన్నది. నేను పోయిన. రైలుల ఎదురెదురుగ కూసున్నం, నేను కిటికీల నుంచి చూసుడు, ఆయన నన్ను చూసుడు. వరంగల్ దాటినంక ఆయనే అన్నడు, "దీపం ఇస్తుంటె మొఖం చూడకపోతివి, ఇప్పుడన్న చూడరాదురా" అని. గొంతు గీరుకుపోయింది, సగం గాలే వస్తుండె. చూసిన. ఏం మిగలలే మొఖంల.

ముక్కుల పైపేసిండ్రు. తెల్లటి పాల లెక్కటిది దాంట్లెకెళ్ళి పోసుడు, అదే అన్నం, అదే కూర. మూడో రోజో నాలుగో రోజో నన్ను దగ్గరికి పిలిచి, "గోపయ్యా, తినిరా పో" అన్నడు. తోవ చెప్పిండు. గేటు దాటి ఎడమ దిక్కు రెండో గల్లీ, బోర్డుండదు, పచ్చ తలుపులుంటయి. కౌంటర్ల తెల్ల గడ్డమాయన. మూలకు రాతి బల్ల మీదనే కూసోవాలె. మటన్ బిర్యానీ. మిరపకాయల సాలన్, పులుసు లెక్కటిది, రెండోసారి అడగాలె, అడగకపోతె పొయ్యరు. "తిని వచ్చి చెప్పు నాకు." నేనెట్ల తింట చెప్పు? ఆయన గొంతుల నీళ్ళు దిగకపాయె, నేను పోయి బొక్కలు చీకాల్నా? బయటికి పోయి, దవాఖానా మెట్ల మీద కూసోని రెండు అరటిపండ్లు తిన్న. గంట సేపు రోడ్డు చూసిన. మల్ల లోపలికి పోయి మొదలువెట్టిన. "ఏం బిర్యానీ మోతీ! ముక్క ఎన్నపూస లెక్కున్నది. సాలన్ రెండుసార్లు పోయించుకున్న." నాకు నేనే మురిసిపోయిన, ఇంత మంచిగ చెప్పొస్తదా నాకు అని. ఆయన కండ్లు మూసుకొని ఇన్నడు. ఇని, మెల్లగ అడిగిండు.

"ఇయ్యాల పెద్ద డాక్టరు రాలేదేంరా?"

"సెలవంట."

"ఏం సెలవు?"

"గాంధీ జయంతి గద" అన్న నేను.

"గాంధీ జయంతి నాడు మటన్ ఎవడు కోసిండురా? పచ్చ తలుపులాయన ఇయ్యాల తాళమే తియ్యడు."

చూసినవా! నేను బుద్ధి పుట్టినంక చెప్పిన పెద్ద అబద్ధం అదొక్కటే, అది గాంధీ పుట్టినరోజు నాడే చెప్పిన, అది గూడ మటన్ మీద. బాపూజీకి నేను చేసిన సేవ. నవ్వుతడనుకున్న. నవ్వలే. పైపున్న మొఖం అటు తిప్పుకున్నడు. "ముప్పై మందికి తిన్నరా నేను," అన్నడు. "నాకు ఒక్కడు తినడా?"

స్టూలు దగ్గరికి గుంజుకున్న. ఆయనే చెప్పిండు, ఒక్కో మాటకు ఆగుకుంట. "పండుకున్నోనికి పొద్దుందాక రక్తం, మూత్రం, బీపీ... ఇవే మాటలురా. ఎవడన్న వచ్చి బిర్యానీ అన్నడనుకో, మల్ల ఇంటికి పోతనేమో అనిపిస్తది. నాకేమన్న ఆకలైతుండెనా? మీ పిచ్చమ్మను లోపలికి తీస్కపోయిన రోజు తిన్నదంత గల్లీల కక్కిన, భయానికి. నీకేం చెప్పాల్నో తెల్వక. నోరు కడుక్కొని మల్ల తిన్న. ఆమె లేచినంక అడుగుతది గద." గిట్ల చెప్పిండు. నేను ఈ మనిషిని వార్డుల నిలవెట్టి మనిషివా అని అడిగిన బిడ్డా. నాలుగేండ్లు మాట్లాడలే. ఆ నాలుగేండ్లు నాకిప్పుడెవడిస్తడు?

తెల్లారి పోయిన. పచ్చ తలుపులు తీసే ఉన్నయి. రాతి బల్ల మీద కూసున్న. తింటుంటె కండ్లల్ల నీళ్ళు ఆగుతలేవు, పెట్టే పిల్లగాడు "సాలన్ కారముందా చాచా" అంటడు. అవ్ కారమే అన్న, ఇంకింత పొయ్యమన్న. గడ్డమాయన కౌంటర్లకెళ్ళి చూసి, "ఈ మూలకు కూసోని రెండోసారి సాలన్ అడిగేది బుట్టాయన ఒక్కడే. యాడున్నడాయన?" అన్నడు. చెప్పిన. లోపలికి పోయి చిన్న డబ్బల సాలన్ పోసుకొచ్చిండు. తినలేడు సాబ్ అంటె, "వాసన చూపియ్యి" అన్నడు. నర్సు తిట్టింది, తిట్టనీ. మోతీలాల్‌కు ఒక ముక్కుల పైపున్నది, ఇంకో ముక్కు ఖాళీనే గద. డబ్బ మూత తీసి పెట్టిన. అప్పుడు చెప్పిన, మొదటి ముద్ద కాడి నుంచి. "ఉల్లిగడ్డ మీద నిమ్మకాయ పిండుకున్నవా?" అన్నడు. లేదన్న. "ఎడ్డోనివిరా నువ్వు, ఎన్నడు మారవు" అన్నడు. ఇగ నిద్రపోయిండు. కమ్లి చెప్పింది, మూడు రోజుల సంది అదే మొదటి నిద్రని.

పదకొండు రోజులు, పదకొండు హోటళ్ళు. ఆయన చెప్పుడు, నేను పోవుడు, తినుడు, వచ్చి అప్పజెప్పుడు. నేను మూడు కిలోలు పెరిగి వచ్చిన. నల్లా కాడ మల్ల అదే నవ్వుడు, "గోపయ్యన్న అటెండెంట్ పోయి బుగ్గలు తెచ్చుకున్నడు" అని. నేను గూడ మోతీ లెక్కనే నవ్వనిచ్చిన. దీపావళి దాక ఉన్నడు, తండాలనే పోయిండు.

ఇగ ఇను. నా ఎంట అటెండెంట్ నువ్వే గద, నీ లిస్టు నాకేం అడ్డం లేదు. ఎల్లుండి పేగు కోసినంక వారం రోజులు నోట్లె నీళ్ళు గూడ పొయ్యమన్నరు గద. నాకు భయమైతంది మధూ, మీ నాయనమ్మకు చెప్పకు, ఆమెకు ఎట్లయినా తెల్సు. నువ్వు పో. ఆంబియన్స్ దానికి గూడ పో, చీకట్ల ఏం తిన్నవో చెప్పు. కని ముందుగాల పచ్చ తలుపులు. ఉన్నదో లేదో, లేకపోతె లేదనే చెప్పు. నిమ్మకాయ మరువకు. ఏడ్చుకుంట తినకు, రుచి తెల్వదు. మెట్ల మీద కూసోని అరటిపండ్లు తిని వచ్చి కథలు చెప్తె నాకెరుకైతది, గా పనిల దొరికినోన్ని నేను.

అది సరేగని, ఎల్లుండి తారీఖెంత? గోడకు క్యాలెండర్ చూడు, మాంసం దుకాణాలు బందుండే రోజు గిట్ల ఉన్నదా ఆ వారంల?... సరిగ్గ చూడు, ఎర్ర అక్షరాలు చూడు... లేదు గద. మంచిది. ఆ కాయితం మడవకుంట నా స్కానింగ్ కవర్ల పెట్టు. ఏందే పిచ్చమ్మా, ఇంకా చాయ్ పెట్టలేదా?